లిఫ్టు సంచిలో రాయి

నా బండ్ల రిపేరు షాపు తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక రాయి అడ్డం పెట్టి ఉంటుంది. వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరి కాలికి అది తగులుతుంది, ఇదేమిటని అడుగుతారు. పాతిక కిలోల రాయి, నా స్నేహితుడొకడు దీన్ని పొట్టకి కట్టుకుని నిట్టనిలువు బండ ఎక్కాడు అని చెబుతాను. మనిషి కాస్త నమ్మేరకంలా కనిపిస్తే నలభై కిలోలంటాను. మా లెక్కల మాస్టారు ఒకరోజు పక్క కొట్టు నుంచి కాటా తెచ్చి తూచి, ఆరు కిలోల నాలుగు వందల గ్రాములని సుద్దముక్కతో దాని మీదే రాసి వెళ్ళారు. అప్పటి నుంచి ఆ వైపు గోడకి తిప్పి పెడుతున్నాను.

బరువు దగ్గర నేను కోతలు కోస్తాను, ఒప్పుకుంటాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

ఆ స్నేహితుణ్ణి మేం లిఫ్టు అంటాం. పెద్ద భవనాలకి బయటివైపు అద్దాలు తుడవడం వాడి పని. పొద్దున్నే డాబా మీదికి వెళతాడు, రెండు తాళ్ళు కట్టుకుంటాడు, పిట్టగోడ దాటి చిన్న చెక్క పలక మీద కూర్చుంటాడు. అక్కణ్ణుంచి ఒక్కో అంతస్తూ తుడుచుకుంటూ దిగుతాడు. కాళ్ళు నేలకి తగిలాక మళ్ళీ పైకి వెళ్ళి పక్క వరస మొదలుపెడతాడు. పదహారేళ్ళుగా ఇదే. పై నుంచి కిందికి మాత్రమే పనిచేసే లిఫ్టు లోకం మొత్తానికి వాడొక్కడే. మనిషి ఎనభై కిలోలు, మాట ఎనిమిది గ్రాములు. పదో తరగతి దాకా ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చున్నాం. తర్వాత వాడు పనిలో చేరాడు, నేను కాలేజీలో చేరాను. రెండో ఏడు కాలేజీని నేనే వదిలేశానని అందరికీ చెబుతుంటాను. కాలేజీని అడిగితే వేరేలా చెప్పొచ్చు. దాన్ని అడగడానికి ఎవరూ వెళ్ళలేదు కాబట్టి నా మాటే చెల్లుతోంది.

లిఫ్టుకి ఒక అలవాటుంది. వాడి పనిముట్లన్నిటికీ, గీకుడు బ్లేడుకీ రబ్బరు పట్టీకీ చిన్న బ్రష్షుకీ కూడా, మూరెడు తాడుంటుంది. ఆ తాడు రెండో కొస వాడి నడుముకి ఉంటుంది. పైనున్నవాడి చేయి జారితే కిందున్నవాడి నెత్తి పగులుతుంది కదా. ఇంట్లో కూడా అంతే. టీవీ రిమోటు కుర్చీ కోడుకి, కత్తెర కుట్టుమిషనుకి, నీళ్ళ గ్లాసు కుండ మూతకి కట్టి ఉంటాయి. "ఈ ఇంట్లో దేన్నీ పోగొట్టుకోలేం, దేన్నీ పక్క గదిలోకి తీసుకెళ్ళలేం" అంటుంది వాడి భార్య.

అలాంటివాడు ఆరు వారాల కిందట ఒకరోజు మధ్యాహ్నం తాడు మీంచి దిగి, మళ్ళీ పైకి వెళ్ళలేదు. నడుం పట్టేసిందన్నాడు. మర్నాటి నుంచి కిందనే ఉండి బకెట్లు నింపడం, తాళ్ళు చుట్టడం చేస్తున్నాడు. రెండుసార్లు డాబా దాకా వెళ్ళాడట. పిట్టగోడ మీద చెయ్యి వేసి, కాసేపు నిలబడి, మెట్ల మీదుగా దిగి వచ్చేశాడట. సూపర్‌వైజర్ మంచివాడే, ఆరు వారాలు ఓపిక పట్టాడు. చివరికి సోమవారం దాకా గడువిచ్చాడు. ఆ రోజు తాడెక్కకపోతే లిఫ్టుని నేలమాళిగలో కార్లు నిలిపే చోట ఊడ్చే పనికి శాశ్వతంగా మార్చేస్తారు, తాడు వేరేవాడికి వెళుతుంది.

ఈ సంగతి చెప్పడానికి వాడి భార్యే నా షాపుకి వచ్చింది.

"మరిదిగారూ, మీ ఫ్రెండు నడుం నేను రోజూ చూస్తున్నా. బియ్యం మూట భుజానేసుకుని నాలుగు మెట్లెక్కాడు నిన్న. అది పట్టేసిన నడుమేనా?"

"భయం పట్టుకుంది వదినా. ఎత్తంటే భయం."

"పదహారేళ్ళు లేంది ఇప్పుడెలా వస్తుంది?"

"నాకు పెళ్ళిచూపులంటే పదిసార్ల దాకా భయం లేదు. పదకొండోసారి వచ్చింది."

ఆమె నవ్వలేదు. "ఇంట్లో కిటికీ ముందు కూర్చుని ఆ ఎదురు మేడ అద్దాలు చూస్తూ ఉంటాడు. ఎవరో తుడిచారంట, మరకలు వదిలేశారంట. ఆ పని పోతే ఈయన మనిషి కాడు. మీరేదో ఒకటి చెయ్యండి" అంది.

ఏదో ఒకటి చెయ్యడంలో నన్ను మించినవాడు లేడు. ముల్లుని ముల్లుతోనే తీయాలని తీర్మానించి అక్కకి ఫోన్ చేశాను. అక్క మాలో ఎవరికీ సొంత అక్క కాదు. చిన్నప్పుడు మా వీధిలో మా అందరికంటే రెండేళ్ళు పెద్దది, మా అందరినీ కొట్టిన మనిషి. ఇప్పుడు ఆస్పత్రిలో ఎముకల వార్డులో నర్సు. వారమంతా చేతులూ కాళ్ళూ విరిగినవాళ్ళని చూసి, సెలవు రోజున తనే తాళ్ళు భుజాన వేసుకుని బండలెక్కడానికి వెళుతుంది. కిందనుండి తాడు పట్టడం నాకూ నేర్పింది. ఏడు నిమిషాల్లో నేర్చుకున్నానని నేనంటాను. ఏడు ఆదివారాలని తనంటుంది.

శనివారం సాయంత్రం లిఫ్టుని షాపుకి పిలిచి, రేపు బండెక్కడానికి రమ్మని నేనూ అక్కా చెప్పాం. వాడు కాదంటాడనుకుని వాదించడానికి నేను రెండు టీలు ముందే తాగి సిద్ధంగా ఉన్నాను. వాడు అక్కని రెండే ప్రశ్నలు అడిగాడు.

"ఎత్తెంత?"

"ముప్పై మీటర్లు. నీ లెక్కలో పది అంతస్తులు."

"కింద జనం తిరుగుతారా?"

"గొర్రెలు కూడా తిరగవు."

"అయితే వస్తా" అన్నాడు. ఆ రెండో ప్రశ్న ఎందుకడిగాడో మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆదివారం పొద్దున నలుగురం బయల్దేరాం. నాలుగో మనిషి లెక్కల మాస్టారు. మాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద, నాకు లెక్కలు చెప్పి ఓడిపోయిన ఏడుగురిలో ఆయన ఆఖరివారు. బండ ఎక్కనని ముందే చెప్పి, గొడుగూ పేపరూ డజను అరటిపళ్ళూ తెచ్చుకున్నారు. లిఫ్టు పనికి వెళ్ళేటప్పుడు నడుముకి కట్టుకునే సంచితో వచ్చాడు.

"ఒరేయ్, కొండకి కిటికీలుండవురా" అన్నాను.

"ఖాళీ సంచే. అది లేకపోతే నడుముకి ఏదోలా ఉంటుంది."

"ఏదోలా అంటే?"

"బట్టల్లేనట్టు."

"అయితే తగిలించుకో నాయనా, మాకూ అదే మంచిది" అన్నారు మాస్టారు.

బండ అడుగున నిలబడే చోటు మంచం పట్టేంత కూడా లేదు. ఎడమవైపు లోయ, కుడివైపు ముళ్ళపొదలు. ముందు అక్క ఎక్కింది, నేను తాడు పట్టాను. పైన బండలోకి దిగేసిన ఇనుప కొక్కేలకి తాడు తగిలించి, తను పైనే కూర్చుంది. ఆ తాడు ఒక కొస లిఫ్టు నడుముకి, రెండో కొస నా నడుము దగ్గరున్న కొక్కెం గుండా నా చేతుల్లోకి. వాడు ఎక్కేకొద్దీ నేను తాడు లాగుతూ ఉండాలి. వాడు జారితే నేను బిగించాలి. నేను యాభై రెండు కిలోలు, అందులో రెండు కిలోలు నోరే అంటుంది అక్క. వాడి బరువుకి నేను చేద బొక్కెనలా పైకి లేచిపోకుండా ఎక్కేముందే నన్ను వెనకున్న గుండుకి గట్టి పట్టీతో కట్టేసింది. పట్టీ పొడవు మూరెడు.

ఇక్కడ నా తప్పు ఒకటుంది, చెప్పేస్తాను. అక్క పైకి చేరి కనుమరుగవగానే చెమట తుడుచుకుందామని హెల్మెట్ తీసి పక్కన పెట్టాను. నా మోచేయే తగిలి అది దొర్లి ముళ్ళపొదల్లో పడి కనబడకుండా పోయింది. చూసింది మాస్టారొక్కరే. నా తల బండకంటే గట్టిదని ఆయనకి బాగా తెలుసు కాబట్టి ఊరుకోమని సైగ చేశాను. ఆయన ఊరుకున్నారు.

లిఫ్టు ఎక్కడం మొదలుపెట్టాడు. ఎత్తంటే భయపడేవాడిలా లేడు. చెయ్యి పెట్టబోయే ప్రతి చోటా ముందు అరచేత్తో ఒకసారి తుడిచి, తర్వాత పట్టుకుంటున్నాడు.

"మెరవక్కర్లేదురా, ఎక్కు" అన్నాను.

"ఇసక ఉంది."

పద్దెనిమిది మీటర్ల దాకా అలా తుడుచుకుంటూనే వెళ్ళాడు. అక్కడ ఆగాడు. ఎడమ చెయ్యి తల పైన ఒక పగులు దగ్గరుంది. ఒక నిమిషం కదల్లేదు. రెండు నిమిషాలు. నాకు నోరు ఆగదు కదా.

"ఏంట్రా, ఆ అంతస్తులో ఎవరైనా టీకి పిలిచారా?"

వాడు చాలా మెల్లగా అన్నాడు.

"కోతలూ, పక్కకి జరుగు."

కోతలంటే నేనే. "ఎటు జరగనురా? అక్క కట్టేసింది కదా."

"నా చెయ్యి కింద రాయి ఊడింది. చెయ్యి తీస్తే పడిపోద్ది." అప్పుడు వాడు భుజం మీంచి కిందికి చూశాడు. "నీ హెల్మెట్ ఏది?"

నేను పైకి చూశాను. వాడి చెయ్యీ, ఆ చేతి కింద రాయీ, దాని కింద గాలీ, గాలి కింద నేనూ. అన్నీ ఒకే వరసలో ఉన్నాయి.

పట్టీ విప్పించుకుందామంటే, విప్పాక వాడు జారితే వాడి బరువు నన్ను పైకి లాగుతుంది. అది కూడా సరిగ్గా ఆ రాయి వచ్చే దారిలోకే. మాస్టారు పేపరు మడిచి పెట్టి లేచి వచ్చి, గొడుగు విప్పి నా తల మీద పట్టారు.

"పద్దెనిమిది మీటర్లు. అంటే కింద పడేసరికి గంటకి సుమారు అరవై ఎనిమిది కిలోమీటర్ల వేగం. బరువుతో సంబంధం లేదు" అన్నారు.

"గొడుగు పట్టండి మాస్టారూ. లెక్క తర్వాత."

పైన అంచు దగ్గర అక్క తల కనిపించింది. అక్క అరిచినప్పుడు మేం భయపడం. మెల్లగా మాట్లాడితేనే భయపడతాం. ఇప్పుడు మెల్లగా మాట్లాడింది.

"కోతలూ, హెల్మెట్ సంగతి కిందికొచ్చాక చూస్తా. తాడు బిగించి నోరు కట్టెయ్. లిఫ్టూ, చెయ్యి వణుకుతోందా?"

"లేదక్కా. చెయ్యి బానే ఉంది."

"మరేంటి?"

వాడు బండకే చెబుతున్నట్టు మొదలుపెట్టాడు. గాలి లేదు, ప్రతి మాటా కిందికి వినిపించింది.

"ఆ రోజు నా నడుమేం పట్టలేదు. బ్లేడు జారింది. పద్నాలుగో అంతస్తు నుంచి. దాని తాడు చిక్కు పడిందని ఒక్క నిమిషం విప్పాను. పదహారేళ్ళలో ఒక్క నిమిషం. కింద ఒకావిడ జనం రాకుండా కట్టిన టేపు దాటి లోపలికొచ్చి, చెప్పు పట్టీ పెట్టుకుందామని వంగింది. బ్లేడు పక్కనే పడింది. జానెడు దూరం."

"ఆవిడకేం కాలేదుగా?" అన్నాను.

"చూడను కూడా చూళ్ళేదు. బస్సు చప్పుడేమో. పట్టీ పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడకి తెలీదు. సూపర్‌వైజర్‌కి తెలీదు. నాకొక్కడికే తెలుసు. పిట్టగోడ మీద చెయ్యేసినప్పుడల్లా ఆవిడ వంగుతుంది."

నొప్పి ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాసినట్టయింది మా పని. వాడికి పడిపోతానన్న భయం ఏనాడూ లేదు. తన చేతిలోంచి పడుతుందన్న భయం. మేం వాణ్ణి తెచ్చి, సరిగ్గా దాని మీదే చెయ్యి పెట్టించి, కింద నన్ను కట్టేసి నిలబెట్టాం.

జీవితంలో కొన్నిసార్లే నేను కోయకుండా మాట్లాడాను. అది ఒకటి.

"ఒరేయ్, నేను తాడు వదల్ను. నువ్వు రాయి వదలకు. మిగతాది అక్క చెబుతుంది" అన్నాను.

"నువ్వు రోజూ పలక మీద ఎలా కూర్చుంటావో అలా తాడు మీద కూర్చో. కుడి చెయ్యి ఖాళీ అవుతుంది. రెండు చేతుల్తో రాయి తియ్యి. తీశాక..." అక్క ఆగింది. తీశాక ఏం చెయ్యాలో తనకీ తెలియలేదు. కింద పడెయ్యడానికి నేనున్నాను. పైకి విసరడానికి పన్నెండు మీటర్లుంది.

"సంచి ఉంది" అన్నాడు లిఫ్టు.

నేను తాడు బిగించాను. వాడు మోకాళ్ళు మడిచి మెల్లగా బరువంతా తాడు మీద వేశాడు. ఎనభై కిలోలూ నా నడుము మీదికి వచ్చాయి. కాళ్ళు నేల మీంచి లేచి, నేను పట్టీకీ తాడుకీ మధ్య ఆరేసిన బట్టలా సాగాను. మాస్టారు గొడుగు నా ఎత్తుకి సరిపడా పైకి లేపారు. పైన లిఫ్టు కుడి చేత్తో సంచి జిప్పు తీసి, మూతిని పగులు కిందికి ఆనించి, రాయిని పసిపిల్లని ఉయ్యాల్లోంచి తీసినట్టు తీశాడు. మట్టి రాలి గొడుగు మీద టపటపమంది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి వాడు జిప్పు వేసి, దాని మీదుగా తాడుతో రెండు చుట్లు చుట్టి, ముడి వేస్తున్నాడు. లాగి చూసుకున్నాడు. ఇంకో ముడి వేశాడు.

"సరే. ఇక కిందికి దించెయ్ కోతలూ, ఈ రోజుకి చాలు" అంది అక్క.

"వద్దు" అన్నాడు వాడు. "పైకే."

"ఆ బరువుతోనా? పైన ఉబ్బు ఉంది, మామూలుగానే కష్టం."

"ఇప్పుడు దిగితే రేపు మళ్ళీ కిందే ఉంటా అక్కా."

ఆ ఉబ్బు దగ్గర బండ బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. మొదటిసారి చెయ్యి వేసి, సంచి వెనక్కి లాగడంతో జారాడు. నేను పట్టాను. రెండోసారి మోకాలు గీరుకుపోయింది. జారాడు, పట్టాను. తాడు మీద వేలాడుతూ సంచిని వెనక నుంచి పొట్ట మీదికి తిప్పుకున్నాడు. నిండు నెలల మనిషిలా ఉన్నాడు. ఆ మాట నోటి దాకా వచ్చింది, మింగాను.

మూడోసారి పట్టుని తుడిచాడు. ఇంకోసారి తుడిచాడు. కాలు ఎత్తి, తన చేతి పక్కనే పెట్టి, నిట్టూర్పు లాంటి చప్పుడొకటి చేసి లేచాడు. సంచి బండకి తగిలి ఠక్కుమంది, కానీ ఊడలేదు. తర్వాతి ఐదు నిమిషాలూ వాడి బూట్ల అడుగులే కనిపించాయి, ఆపైన అవి కూడా లేవు.

"చేరాడు" అని అక్క పై నుంచి చెప్పింది.

నేను పట్టీ విప్పించుకుని కూర్చున్నాను. మాస్టారు అరటిపండు తొక్క తీసి ఇచ్చారు.

పైన ఏం జరిగిందో అక్క తర్వాత చెప్పింది. రాయిని అక్కడే పెట్టెయ్యమంటే వాడు ఒప్పుకోలేదట. ఇక్కడుంటే ఏదో ఒకరోజు దొర్లుతుంది, కింద ఎవరుంటారో ఏమో అన్నాడట. దిగడానికి తాడు కట్టి ఇచ్చి, "ఇది నీకు నేను నేర్పేదేముంది" అని తను పక్కకి జరిగిందట.

వాడు మాకు వీపు చూపిస్తూ అంచు మీద నిలబడ్డాడు. ఆరు వారాలుగా దాటలేకపోయిన పిట్టగోడ లాంటిదే అది. చాలాసేపు నిలబడ్డాడు.

"కోతలూ, కింద ఎవరున్నారు?"

"నేనూ, మాస్టారూ, గొడుగూ."

"పక్కకి జరగండి."

ఈసారి జరగడానికి వీలుంది. ముళ్ళు గుచ్చుకున్నా సరే అని పొదల్లోకి జరిగాం. నా హెల్మెట్ అక్కడే దొరికింది. పెట్టుకుని, "జరిగాం" అన్నాను.

వాడు వెనక్కి వాలి అంచు దాటాడు. దాటాక చూడాలి వాణ్ణి. అక్క దగ్గర బండలెక్కడం నేర్చుకున్నవాళ్ళంతా చూడాలి. కొలిచినట్టు అడుగులు వేస్తూ, దారిలో పట్టు పట్టుకీ చెయ్యి ఆనించి ఊడుతుందేమో చూసుకుంటూ, రాయిని ఒళ్ళో పెట్టుకుని నేల దాకా వచ్చేశాడు. వాడి వెనకే దిగిన అక్క ముందు నా హెల్మెట్ మీద ఒక్కటిచ్చి, "వారం రోజులు ఇది పెట్టుకునే షాపులో కూర్చో" అంది. కూర్చున్నాను. బండి బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు నాకేదో దెబ్బ తగిలిందనుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు లిఫ్టు రాయిని నా షాపు దగ్గర దింపి, "రేపు ఎనిమిదింటికి రా. టేపు దగ్గర నిలబడు" అన్నాడు.

"నేనెందుకు? మీవాళ్ళు ఉంటారుగా."

"మావాళ్ళు చెయ్యి అడ్డం పెడతారు, జనం చేతి కింద నుంచి దూరిపోతారు. నువ్వైతే మాటల్తో ఆపుతావ్. నీ అంత నోరున్నవాడు ఊళ్ళో లేడు."

నా జీవితంలో ఎవరైనా నా నోటికి పని ఇవ్వడం అదే మొదటిసారి.

సోమవారం ఎనిమిదింటికి హెల్మెట్‌తో సహా నిలబడ్డాను. ఇరవై అంతస్తుల అద్దాల మేడ. పైన పిట్టగోడ మీద చీమంత తల కనిపించింది. పసుపు టేపు పక్కనుంచి ఆఫీసులకి వెళ్ళే జనం. సామాన్లు తెచ్చిన ఒకతను దగ్గర దారి కదా అని టేపు ఎత్తబోయాడు.

"బాబాయ్, ఆగండి. ఆ పైనున్నవాడు ఎవరో తెలుసా? నిన్న పాతిక కిలోల రాయి పొట్టకి కట్టుకుని కొండెక్కాడు" అన్నాను.

అతను ఆగాడు. అతని వెనక ఒకావిడ ఆగింది. ఇద్దరు ఆగితే పదిమంది ఆగుతారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. పదో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి రాయి నలభై కిలోలైంది, బండ మూడు వందల మీటర్లైంది, గొడుగు ముక్కలైపోయింది. అందరూ టేపుకి అవతలే ఉండి, ఒక కన్ను నా మీదా ఒక కన్ను పైనా పెట్టి విన్నారు. ఆ గంటన్నరలో టేపు లోపల పడింది ఒక్క నా నీడే.

వాడు నేలకి దిగాడు. పలక మీంచి లేచి, నడుముకి ఉన్న తాళ్ళు ఒక్కొక్కటీ లాగి చూసుకున్నాడు. బ్లేడు ఉంది, పట్టీ ఉంది, బ్రష్షు ఉంది. తర్వాత నా దగ్గరికి వచ్చాడు.

"ఏమైనా పడిందా?"

"నీళ్ళు. రెండు చుక్కలు. నా ముక్కు మీద."

వాడు జేబులోంచి గుడ్డ తీసి ఇచ్చాడు. దానికీ తాడుంది. తుడుచుకోవాలంటే నేను వాడి దగ్గరికి వంగాల్సి వచ్చింది. తుడుచుకున్నాక గుడ్డ లాక్కుని, పక్క వరస అందుకోవడానికి పైకి వెళ్ళిపోయాడు.